చవక కెమెరాకు తలంబ్రాల పరీక్ష

కానన్ కంపెనీ 2016లో ఇక్సస్ 285 హెచ్‌ఎస్ అనే చిన్న కెమెరాను తెచ్చింది. మరుసటి ఏడాది ఇక్సస్ 185 వచ్చింది. రెండూ జేబులో పట్టేవే. రెండింటి మీదా 20 మెగాపిక్సెళ్లనే రాసి ఉంటుంది. సెన్సార్ పరిమాణం కూడా రెండింటిదీ ఒకటే. వీడియో దగ్గరకు వచ్చేసరికి మాత్రం దారులు వేరైపోతాయి. ముందు వచ్చినది సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 1080పి వీడియో తీస్తే, తర్వాత వచ్చినది 25 ఫ్రేముల 720పి దగ్గరే ఆగిపోతుంది. అంటే మొదటిదాని ఒక్కో ఫ్రేములో 20 లక్షలకు పైగా పిక్సెళ్లు, రెండోదానిలో 9 లక్షల చిల్లర. సెన్సార్ మీద రెండు కోట్ల పిక్సెళ్లుండగా వీడియోకు అందులో ఇరవయ్యో వంతు కూడా దక్కకపోవడం కొనేవారికి వింతగానే తోస్తుంది. కారణం సెన్సార్ జాతిలో ఉంది. ఇక్సస్ 185లో ఉన్నది సీసీడీ. బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ 1969లో కనిపెట్టి 2009లో నోబెల్ అందుకున్న పరికరమిది. అందులో ప్రతి పిక్సెల్‌లో పోగైన విద్యుదావేశం పక్క పిక్సెళ్ల గుండా వరుసగా జరుగుతూ చివరి మూలకు చేరాకే లెక్కకు వస్తుంది. ఇక్సస్ 285లోని సీమాస్ సెన్సార్‌లో ప్రతి పిక్సెల్‌కూ సొంత ట్రాన్సిస్టర్లు ఉంటాయి, ఒక్కో నిలువు వరుసనూ విడిగా చదవవచ్చు. అందుకే దాని వేగం ఎక్కువ. ఒక ఫొటో తీయడానికి రెండూ సరిపోతాయి. సెకనుకు 30 ఫొటోలు తీయమంటేనే తేడా బయటపడుతుంది.

ఇక్కడి నుంచి నా వాదన మొదలవుతుంది. డబ్బా మీది మెగాపిక్సెళ్లు వీడియో గురించి ఏమీ చెప్పవని చాలామందికి ఇప్పటికే తెలుసు. వాటి బదులు ‘ఫుల్ హెచ్‌డీ’, ‘4కె’ అనే మాటలు చూసి కొంటున్నారు. ఆ మాటలూ పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక ఫైలులో ఎన్ని గళ్లున్నాయో అవి చెబుతాయి, ఆ గళ్లలో ఎంత సమాచారం నిండిందో చెప్పవు. నింపేవి రెండు: సెన్సార్‌కు అందిన వెలుగు, కార్డు మీదకు రాయగలిగిన డేటా. చవక కెమెరాలో ఈ రెండింటికీ కొరతే. పైగా ఒక కొరత మరోదాన్ని పెంచుతుంది. కాబట్టి రెండు చవక కెమెరాల వీడియోను పోల్చాలంటే ఆ కొరత బయటపడే పరిస్థితుల్లోనే పోల్చాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసిన నమూనా వీడియోల్లో అన్ని కెమెరాలూ ఒక్కలాగే మెరుస్తాయి.

వెలుగు సంగతి ముందు చూద్దాం. మసక గదిలో ఫొటో తీసేటప్పుడు కెమెరా షట్టర్‌ను సెకనులో నాలుగో వంతు సేపు తెరిచి ఉంచగలదు. చేయి వణికినా లెన్స్‌లోని స్థిరీకరణ కాస్త ఆదుకుంటుంది. వీడియోలో ఆ వెసులుబాటు లేదు. సెకనుకు 30 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కే గరిష్ఠ సమయం సెకనులో 30వ వంతే, అంటే ఆ ఫొటోకు దొరికిన వెలుగులో ఏడో వంతుకు కాస్త అటూఇటుగా. వెలుగు తగ్గితే బొమ్మ చీకటిగా మారడం ఒక్కటే సమస్య కాదు. దాన్ని విద్యుత్తుతో పెంచి చూపించవచ్చు. అసలు చిక్కు కాంతికణాల (ఫోటాన్ల) స్వభావంలోనే ఉంది. ఒక పిక్సెల్ మీద సగటున పదివేల ఫోటాన్లు పడితే వాటి సంఖ్యలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు వంద మేరకు ఉంటాయి, అంటే ఒక శాతం. వంద ఫోటాన్లే పడితే హెచ్చుతగ్గులు పది, అంటే పది శాతం. నున్నని గోడ మీద, చెంప మీద, జుట్టు నీడలో రంగు రంగుల చుక్కలు కదలాడేది ఇందుకే. దీన్నే నాయిస్ అంటారు. ఏ కంపెనీ ఎంత గొప్ప చిప్పు పెట్టినా ఈ గణితాన్ని దాటలేదు. చేయగలిగిందల్లా ఎక్కువ ఫోటాన్లను పోగుచేయడమే. దానికి సెన్సార్ పెద్దదైనా కావాలి, లెన్స్ విశాలమైనా కావాలి.

చవక కెమెరాల సెన్సార్ వివరాల్లో 1/2.3 అంగుళం అని ఉంటుంది. ఇది అసలు కొలత కాదు. పాతకాలపు టీవీ కెమెరాల గాజు గొట్టం వ్యాసాన్ని బట్టి వచ్చిన లెక్క. నిజంగా కొలిస్తే ఆ సెన్సార్ వెడల్పు 6.2 మిల్లీమీటర్లు, ఎత్తు 4.6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. సోనీ 2012లో ఆర్‌ఎక్స్ 100తో జేబు కెమెరాల్లోకి తెచ్చిన ‘ఒక అంగుళం’ సెన్సార్ వైశాల్యం 116 చదరపు మిల్లీమీటర్లు, నాలుగు రెట్లకు పైన. మిగతావన్నీ సమానమైతే నాలుగు రెట్ల వెలుగు పడుతుంది. ఇక లెన్స్. ఇక్సస్ 285 లెన్స్ జూమ్ చేయనప్పుడు ఎఫ్/3.6, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/7.0. ఈ అంకె రెట్టింపైతే సెన్సార్ మీద పడే వెలుగు నాలుగో వంతుకు దిగిపోతుంది. అంటే దూరాన ఉన్న ముఖాన్ని దగ్గరకు లాగిన క్షణంలోనే వెలుగులో ముప్పాతిక వంతు దాకా పోగొట్టుకున్నట్టు. 12 రెట్ల జూమ్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, జూమ్ చివర ఎఫ్ సంఖ్య ఎంతో లెన్స్ అంచున చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనేవారు చదవాల్సింది ఆ రెండోదాన్ని.

పడిన వెలుగునైనా వీడియో పూర్తిగా వాడుకుంటుందా అంటే, అదీ అనుమానమే. 20 మెగాపిక్సెళ్ల సెన్సార్‌ను సెకనుకు 30 సార్లు పూర్తిగా చదవాలంటే 60 కోట్ల పిక్సెళ్ల విలువలు బయటికి రావాలి. చవక చిప్పుకు అంత శక్తి ఉండదు, ఉన్నా చిన్న ఒంట్లో వేడి పెరుగుతుంది. అందుకని కొన్ని కెమెరాలు అడ్డ వరుసల్లో కొన్నింటిని వదిలేసి కొన్నింటినే చదువుతాయి. వదిలేసిన వరుసల మీద పడిన వెలుగు వృథా. మరికొన్ని పక్కపక్క పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కిస్తాయి, ఇది మెరుగు. మామూలు సెన్సార్‌లో ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంట్ పొందిన అమరికలో సగం పిక్సెళ్లు ఆకుపచ్చకు, పావు ఎరుపుకు, పావు నీలానికి. మిగతా రంగులను పక్కవాటిని చూసి ఊహిస్తారు. వరుసలు వదిలేస్తే ఆ ఊహకు ఆధారాలు ఇంకా దూరమవుతాయి. ఫలితం సన్న గళ్ల చొక్కా మీదో, మంగళగిరి చీర సన్న అంచు మీదో కనిపిస్తుంది: బట్టలో లేని రంగుల అలలు దాని మీద పాకుతుంటాయి. ఇది ఫోకస్ తప్పు కాదు, ఎడిటింగ్‌లో పూర్తిగా పోయేదీ కాదు. సెన్సార్‌ను ఎలా చదువుతారో కంపెనీలు డబ్బా మీద రాయవు, కానీ ఆ రంగుల అల దాన్ని చెప్పేస్తుంది.

ఇప్పుడు డేటా. 1080పి ఫ్రేములో ప్రతి పిక్సెల్‌కూ మూడు రంగులకు కలిపి 24 బిట్లు ఇస్తే, 30 ఫ్రేములకు సెకనుకు దాదాపు 149 కోట్ల బిట్లు అవుతాయి. చవక కెమెరా కార్డు మీద రాసేది అందులో ఒక చిన్న ముక్క. సెకనుకు 17 మెగాబిట్లు రాసే కెమెరానే తీసుకుంటే ఎనభై ఎనిమిదో వంతు. మిగతాదంతా పారేసినా మనకు బొమ్మ బొమ్మలాగే కనిపించడం ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణిత విజయాల్లో ఒకటి. దాని పునాదిలో మన దేశం నుంచి వెళ్లినవారి పేర్లున్నాయి. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, ఆయన విద్యార్థి నటరాజన్, కె.ఆర్. రావు కలిసి 1974లో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే పద్ధతిని ప్రకటించారు. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని నిదానంగా మారే అంశాలూ చకచకా మారే అంశాలూగా వేరుచేస్తుంది అది. కన్ను అంతగా పట్టించుకోని సూక్ష్మాంశాలను కోసేయవచ్చు. జేపీఈజీ ఫొటో నుంచి ఎమ్‌పెగ్ వీడియో దాకా నడిచింది ఈ దారినే. ఎమ్‌పెగ్‌లోనే ఉన్న మరో ఉపాయానికి 2003లో ప్రమాణంగా వచ్చిన హెచ్.264 ఇంకా పదును పెట్టింది. ప్రతి ఫ్రేమునూ మొదటి నుంచి రాయదు. గత ఫ్రేములోని ఏ భాగం ఎటు జరిగిందో ఊహించి, ఊహకూ నిజానికీ తేడాను మాత్రమే రాస్తుంది. మైకు ముందు నిలబడి మాట్లాడే మనిషి వెనక గోడ కదలదు కాబట్టి దానికి దాదాపు బిట్లే అక్కర్లేదు.

ఊహకు లొంగని దృశ్యం వస్తేనే కష్టం. పెళ్లిలో తలంబ్రాలు పోసే సమయాన్ని తీసుకోండి. వందల బియ్యపు గింజలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకు, ప్రతి ఫ్రేములోనూ కొత్త చోట. వెనక పూలదండల రేకులు, పట్టుచీర జరీ మెరుపులు, చుట్టూ కదిలే జనం. గత ఫ్రేము చూసి ఈ ఫ్రేమును ఊహించడం వీడియోను ఇలా కుదించి రాసే ఎన్‌కోడర్‌కు అసాధ్యం. ప్రతిదీ కొత్తగా రాయాలి, రాయడానికి బిట్లు చాలవు. అప్పుడు గింజలు మసక గీతలవుతాయి, ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నబడతాయి, నీడల్లో చదరపు గళ్లు తేలుతాయి. దీనికి తోడు ముహూర్తం రాత్రి పూటదైతే హాలులో వెలుగు తక్కువ, కాబట్టి నాయిస్ ఎక్కువ. వెలుగు కొరత డేటా కొరతగా మారేది సరిగ్గా ఇక్కడే. నాయిస్ చుక్కలు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట పుడతాయి, వాటినీ ఎవరూ ముందే ఊహించలేరు. ఎన్‌కోడర్ దృష్టిలో అవి కూడా తలంబ్రాలే. ఉన్న కొద్ది బిట్లూ చుక్కలను కాపాడటానికి ఖర్చవుతాయి, లేదా చుక్కలను చెరిపే ప్రయత్నంలో పట్టుచీర నేత కూడా చెరిగిపోతుంది. అందుకే రెండు కెమెరాలను పోల్చాలంటే నేను అడిగే మొదటి నమూనా మసక వెలుగులో చిన్న చిన్నవి చాలా కదిలే దృశ్యం. పెళ్లి దొరక్కపోతే సాయంత్రం నీడలో గాలికి ఊగే వేపచెట్టు చాలు. సూర్యకాంతిలో నిలబడ్డ భవనం చూపించి అమ్మేవారు ఇందులో ఏదీ చూపించనట్టే.

బిట్ల లెక్క కొనేవారూ చేయవచ్చు, చాలా సులువు. సెకనుకు వచ్చే బిట్లను సెకనుకు వచ్చే పిక్సెళ్లతో భాగించాలి. 1080పిలో 30 ఫ్రేములకు సుమారు 6.2 కోట్ల పిక్సెళ్లు, 17 మెగాబిట్లను వాటికి పంచితే పిక్సెల్‌కు పావు బిట్టుకు కాస్త పైన. అదే ఒక కెమెరా 4కె అని చెప్పి 30 మెగాబిట్లే రాస్తుంటే పిక్సెళ్లు నాలుగు రెట్లయ్యాయి, బిట్లు రెండు రెట్లు కూడా కాలేదు. పిక్సెల్‌కు దక్కేది బిట్టులో ఎనిమిదో వంతు. బంతి పెరిగింది, వండిన పప్పు మాత్రం అంతగా పెరగలేదు. అయితే ఈ లెక్కను ఒకే ఫార్మాట్ వాడే కెమెరాల మధ్యే వేయాలి. పాత చిన్న కెమెరాలు కొన్ని మోషన్ జేపీఈజీలో రాస్తాయి. ప్రతి ఫ్రేమూ విడి ఫొటో, గత ఫ్రేముతో సంబంధం లేదు. అందువల్ల 30 మెగాబిట్ల మోషన్ జేపీఈజీ చూడటానికి పెద్ద అంకె అయినా, హెచ్.264 అంతకన్నా చాలా తక్కువ బిట్లతో దానికి సాటి వస్తుంది. అలాగే 2013లో వచ్చిన హెచ్.265 అవే బిట్లతో ఇంకా ఎక్కువ దాచగలదు. ఎన్‌కోడర్ చిప్పు తెలివి కూడా ఒక్కో కెమెరాకు ఒక్కోలా ఉంటుంది. బిట్ రేటు ఒక సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. బిట్లు పలచబడినా 4కె అంటే 4కెనే కదా, దాన్ని 1080పికి కుదిస్తే మామూలు 1080పి కన్నా బాగుంటుంది కదా అంటారు. ఇది నిజమే, నేను కాదనను. సెన్సార్ నిజంగా 83 లక్షల పిక్సెళ్లనూ చదివి 4కె రాస్తే, దాన్ని కుదించినప్పుడు నాలుగు పిక్సెళ్ల సగటు ఒకటవుతుంది, నాయిస్ తగ్గుతుంది, రంగుల ఊహ తప్పులూ సర్దుకుంటాయి. కానీ షరతు ‘నిజంగా చదివితే’ అన్నది. ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఐదారు వేలకు దొరికే పేరులేని కెమెరాల్లో చాలావాటిలో 4కె అన్నది చిన్న సెన్సార్ బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసినదే. 48 మెగాపిక్సెళ్ల ఫొటో అన్నదీ అలాంటిదే. పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తెలుగు దినపత్రికను గోడకు అంటించి, పగటి వెలుగులో అదే దూరం నుంచి అదే కెమెరాతో ఒకసారి 1080పిలో, ఒకసారి 4కెలో తీయాలి. టీవీ మీద ఆపి ఒత్తులూ గుడిదీర్ఘాలూ చూడాలి. 1080పిలో చదవలేని ఒత్తు 4కెలో చదవగలిగితే ఆ 4కె నిజం. ఫైలు పెద్దదై ఒత్తు అలాగే ముద్దగా ఉంటే అది సాగదీసినది. మామూలు కంటిచూపు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని వేరుచేయగలదన్న లెక్కతో చూస్తే, 43 అంగుళాల టీవీ మీద 1080పి పిక్సెళ్లు 1.7 మీటర్లు దాటాక విడిగా కనిపించవు. సోఫా అంతకన్నా దూరంగానే ఉంటుంది చాలా ఇళ్లలో.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఫోన్ గురించి. ఈ తిప్పలన్నీ ఎందుకు, ఫోన్ చాలదా? వెడల్పు దృశ్యాలకు, ఇంట్లో రాత్రి వీడియోలకు చాలుతుంది, చాలాసార్లు చవక కెమెరా కన్నా మెరుగ్గానే. ఫోన్ ప్రధాన లెన్స్ సాధారణంగా ఎఫ్/1.8 దరిదాపుల్లో ఉంటుంది. పూర్తి జూమ్‌లో ఎఫ్/7.0 వద్ద ఉన్న చిన్న కెమెరాతో పోలిస్తే సెన్సార్ మీద చదరపు మిల్లీమీటరుకు 15 రెట్ల వెలుగు. ఎన్‌కోడర్ చిప్పు కూడా ఫోన్‌లోదే కొత్తది. 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు సరఫరా అయితే 2020 నాటికి అది కోటి లోపుకు పడిపోవడం ఊరికే జరగలేదు. అయినా ఒకచోట ఫోన్ ఓడుతుంది. స్కూలు మైదానం అవతల పరుగెత్తే పిల్లను, చెరువు మధ్య కొంగను తీయాలంటే చవక ఫోన్ డిజిటల్ జూమ్ బొమ్మను కత్తిరించి పెద్దది చేస్తుంది. చిన్న కెమెరా అద్దాలను నిజంగా జరుపుతుంది. పగటి వెలుగులో ఆ లాభం వెలుగు నష్టాన్ని మించుతుంది. కాబట్టి చవక కెమెరా కొనదలిస్తే పగటి జూమ్ కోసం కొనాలి, రాత్రి పెళ్లి కోసం కాదు. ఇది నా అభిప్రాయమే గానీ పై లెక్కలు దానికే దారితీస్తున్నాయి.

విదేశీ సమీక్షలు చూసి నిర్ణయించేవారికి కనపడని తేడా మన కరెంటులో ఉంది. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగితే మన దేశంలో 50 సార్లు. ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్‌ఈడీలు దానికి రెట్టింపు, అంటే సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, సెన్సార్‌కు తెలుస్తుంది. షట్టర్ 1/60 సెకను తెరుచుకుంటే ఒక్కో ఫ్రేములో ఒకటీ మూడింట రెండు వంతుల మినుకు పడుతుంది. ఫ్రేముకూ ఫ్రేముకూ వెలుగు మారి తెర మీద అడ్డ చారలు జారుతాయి. 1/50 అయితే సరిగ్గా రెండు, 1/100 అయితే సరిగ్గా ఒకటి, చారలుండవు. మెనూలో 50 హెర్ట్జ్ లేదా పాల్ అనే ఎంపిక ఉందో లేదో చూడాలి. లేని కెమెరా మన హాళ్లలో పనికిరాదు. అమెరికాలో దాన్ని ఎంత మెచ్చుకున్నా సరే.

యూట్యూబ్‌లో పోలిక వీడియోలు బోలెడున్నాయి కదా అనేవారికి ఒక మాట. యూట్యూబ్ తనకు వచ్చిన ప్రతి వీడియోనూ మళ్లీ కుదిస్తుంది. 1080పి, 30 ఫ్రేముల వీడియోను 8 మెగాబిట్లతో పంపితే చాలని అదే సూచిస్తుంది. అంటే రెండు కెమెరాల మధ్య సూక్ష్మమైన తేడాను చూడబోయి, మనం చూసేది రెండోసారి కుదించిన నకలును. ఫోకస్ వేటాడుతుందా, నడుస్తూ తీస్తే బొమ్మ ఎగురుతుందా, రైలు కిటికీలోంచి స్తంభాలు పక్కకు వాలుతున్నాయా లాంటివి అక్కడ తెలుస్తాయి. నేత, చర్మం, నీడలు తెలియవు. వాటికి కెమెరా రాసిన అసలు ఫైలు కావాలి. కొన్ని సమీక్ష సైట్లు దాన్ని దించుకోనిస్తాయి. దుకాణంలోనైతే సొంత కార్డు తీసుకెళ్లి కెమెరాలో పెట్టమని అడగవచ్చు. లోపల దుకాణం వెలుగులో ఒకటి, గుమ్మం బయటి రోడ్డు మీదకు పూర్తి జూమ్‌తో ఒకటి తీసి, ఇంటికొచ్చి సొంత టీవీ మీద చూసుకోవచ్చు. ఒప్పుకోని దుకాణాలుంటాయి, నిజమే. అప్పుడు వెనక్కి తీసుకునే గడువున్న చోట కొని ఆ గడువులోనే ఈ పరీక్షలు ముగించాలి. ఒక్క క్లిప్పు ఎంతసేపు రికార్డవుతుందో కూడా అప్పుడే చూడాలి. చాలా కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగుతాయి. అరగంట దాటి తీసేదాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసిన ఒకప్పటి యూరప్ పద్ధతి దీనికి మూలం. మరికొన్ని ఫైలు 4 గిగాబైట్లకు చేరగానే ఆగి కొత్తది మొదలుపెడతాయి.

చివరగా శబ్దం. బొమ్మను గంటల తరబడి పోల్చేవారు కూడా దీన్ని వదిలేస్తారు. చిన్న కెమెరాల్లో మైకు లెన్స్ మోటారుకు వేలెడు దూరంలో ఉంటుంది, బయటి మైకు పెట్టే సదుపాయం చాలావాటిలో ఉండదు. జూమ్ చేస్తే మోటారు కిర్రుమనే చప్పుడు రికార్డవుతుంది. ఆ చప్పుడు వినపడకూడదని కొన్ని కెమెరాలు వీడియో నడుస్తుండగా జూమ్‌నే ఆపేస్తాయి. జూమ్ కోసమే కొంటున్నవారికి అది కెమెరా మొత్తాన్నే వ్యర్థం చేసే లోపం. నిశ్శబ్దమైన గదిలో ఒకరిని మూడు మీటర్ల దూరాన మామూలు గొంతుతో మాట్లాడమని, జూమ్‌ను ఇటూ అటూ జరుపుతూ ఒక నిమిషం తీసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. మాట ఆగినచోట బుస్సుమనే శబ్దం పైకి లేస్తుంటే కెమెరా తనంతట తానే శబ్దాన్ని పెంచుతోందని అర్థం. మెనూలో దాన్ని ఆపే వీలుందా అన్నది ఆ కెమెరాకు వేయాల్సిన ఆఖరి ప్రశ్న.